ఆ గదికి బోర్డు అక్కర్లేదు

మా కోనసీమలో నెలనెలా కొన్ని విచిత్రమైన ప్రయాణాలు జరుగుతుంటాయి. అమలాపురం పక్క ఊరి మనిషి ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా కాకినాడ పోతాడు. కాకినాడ మనిషి రాజమండ్రి వస్తాడు. నరసాపురం వైపు మనిషి ఏలూరు బస్సెక్కుతాడు. అందరూ వెళ్లేది ఒకే మందు కోసం, హెచ్‌ఐవీ మందు కోసం. దానికి రూపాయి ఖర్చు లేదు, ప్రభుత్వమే ఇస్తుంది. ఇంటికి దగ్గర్లో ఇచ్చే ఆసుపత్రి ఉన్నా చాలామంది దూరమే ఎంచుకుంటారు. ఆ రోజు కూలి పోయినా, ఛార్జీలు చేతి నుంచి పెట్టుకున్నా ఫరవాలేదు. ఆ మందిచ్చే గది ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు ఊరివాళ్ల కంట పడకుండా ఉంటే చాలు.

హెచ్‌ఐవీ పరీక్షలు, మందులు, సంరక్షణ అన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా రావాలని అందరూ అంటున్నారు. రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఈ దూరప్రయాణాల సంగతి పట్టించుకోకుండా మందును మాత్రం ఊళ్లోకి తెస్తే అది బీరువాలోనే ఉండిపోతుంది. నేను అడిగేది ఒక్కటే. మందు దగ్గరికి రావాలి, దాని వెంట ప్రత్యేకమైన గది, ప్రత్యేకమైన బోర్డు, ప్రత్యేకమైన రోజు రాకూడదు. బీపీ, షుగరు బిళ్లలు ఇచ్చే కిటికీలోంచే, అదే వరసలో, అదే కాగితపు కవర్లో ఇవ్వాలి. అదీ వద్దనుకున్నవాళ్లకు తమకు నచ్చిన ఊళ్లో తీసుకునే వీలుండాలి.

నేను ఫార్మసిస్టును. మా ఊరి సెంటర్‌లో మందుల షాపు నడుపుతున్నాను. హెచ్‌ఐవీ మందులు నా అల్మరాల్లో ఉండవు. అయినా ఈ జబ్బు ఏదో ఒక వేషంలో నా కౌంటరు దాకా వస్తూనే ఉంటుంది.

ఒకామె ఉంది. నెలకోసారి, షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని వస్తుంది. "అక్కా, ఖాళీ డబ్బా ఏదైనా ఉంటే ఇస్తారా?" అంటుంది. బీ కాంప్లెక్సుదో, క్యాల్షియందో ఒకటి ఇస్తాను. ఆసుపత్రి డబ్బా మూత తిప్పి ముప్పై బిళ్లలూ అందులోకి వంపుకుంటుంది. పాత డబ్బా మీద లేబులును గోటితో గీకి, ఆ ముక్కలను తన సంచిలోనే వేసుకుంటుంది. నా చెత్తబుట్టను కూడా నమ్మదు. కొత్త డబ్బా ఒకసారి చెవి దగ్గర ఊపి చూస్తుంది. గలగలమంటే బస్సులో పక్కనున్నవాళ్లు ఏమిటని అడుగుతారట, అందుకని పైన దూది కుక్కుతుంది. పాత డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది. మా డెల్టా గాలి సంగతి తెలిసిందే, వానాకాలం ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది. ఆ పొట్లం కూడా మార్చుకోమని గుర్తుచేస్తాను. అసలు డబ్బాలోనే ఉంచుకోవాలని చెప్పడం నా వృత్తి ధర్మం కాబట్టి అదీ చెబుతాను. "మా అత్తగారికి చదువొచ్చండి" అంటుంది.

ఆ డబ్బాలో ఉండేది ఒకే రకం బిళ్ల. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిపి చేసినది. రోజుకొకటి, జీవితాంతం. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచి ఉంచే మందుల చికిత్స, 2004 ఏప్రిల్ 1న 8 ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలైంది. అప్పటి మందులు వేరు. పూటపూటా వేసుకోవాలి. స్టావుడిన్ కొన్నేళ్లు వాడినవాళ్లకు బుగ్గలు లోపలికి పోయేవి, కాళ్లు తిమ్మిరెక్కేవి. నెవిరపిన్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచేవి, కాలేయం దెబ్బతినేది. జిడోవుడిన్‌తో రక్తహీనత వచ్చేది. అలాంటి మందులు ఇవ్వాలంటే పెద్ద ఆసుపత్రి, చేయి తిరిగిన డాక్టరు, దగ్గరుండి కనిపెట్టే సిబ్బంది కావాల్సిందే. పైగా అప్పట్లో రక్తంలో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు 200 దాకా పడిపోతే గాని మందు మొదలుపెట్టేవారు కాదు. మనిషి ఆసుపత్రి గడప తొక్కేసరికే టీబీతోనో మరోదానితోనో మంచాన పడి ఉండేవాడు.

ఆ హద్దు తర్వాత 350కి, 500కి పెరిగి, 2017లో పూర్తిగా పోయింది. ఇప్పుడు పాజిటివ్ అని తేలినవాళ్లందరికీ సీడీ4 ఎంతున్నా మందు మొదలుపెడతారు. అంటే ఇవాళ ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చూడటానికి రోగుల్లా ఉండరు. ఆటో తోలేవాళ్లు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండేవాళ్లు, కొబ్బరి దింపేవాళ్లు, టైలరింగు చేసుకునేవాళ్లు. మందు మారింది, మనిషీ మారాడు. ఏర్పాటు మాత్రం పాత మందు కోసం, పాత రోగి కోసం కట్టినదే. ఒక బిళ్ల తీసుకోవడానికి పని మానుకుని ఊరు దాటి వెళ్లమంటోంది.

దగ్గరికి తెచ్చే ప్రయత్నం అసలు జరగలేదని అనను. నిలకడగా ఉన్నవాళ్లు ఏరియా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో మందు తీసుకునేలా లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు పెట్టారు. ఆలోచన మంచిదే. అయితే చిన్న ఊరి ఆసుపత్రిలో ఒక గది, దాని మీద పేరు, కొన్నిచోట్ల వారంలో దానికో రోజు. ఆ రోజు ఆ గుమ్మం ముందు ఎవరు నిలబడినా ఎందుకు నిలబడ్డారో గేటు బయట టీ అమ్మే అతనికి కూడా తెలుసు. కాకినాడ పెద్దాసుపత్రిలో అయితే వేలమందిలో ఒకరిగా కలిసిపోవచ్చు. చిన్న ఆసుపత్రిలో ఆ సుఖం లేదు.

అందుకే కిటికీ గురించి ఇంత పట్టుదల. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా పొద్దున పది గంటలకు వెళ్లి చూడండి. మందుల దగ్గర నిలబడిన పెద్దవాళ్లలో చాలామందివి బీపీ, షుగరు చీటీలే. రోజూ బిళ్ల, నెలకోసారి కిటికీ, అప్పుడప్పుడు రక్తపరీక్ష. మందులిచ్చే మనిషి వైపు నుంచి చూస్తే హెచ్‌ఐవీ కూడా ఇప్పుడు ఈ జాబితాలో చేరిపోయింది. ఇంకో సంగతి, తొలినాళ్లలో ఏఆర్‌టీ మొదలుపెట్టి బతికి బట్టకట్టినవాళ్లకు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లు. వాళ్లకీ షుగరు వచ్చింది, మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఒకే మనిషి ఒక బిళ్లకు ఊళ్లో, ఇంకో బిళ్లకు ఇంకో జిల్లాలో వరస కట్టడం ఏమి పరిపాలన?

చికిత్స మొదలుపెట్టే పని ఏఆర్‌టీ కేంద్రంలోనే ఉండనివ్వండి. టీబీ ఉందేమో చూడటం, కిడ్నీ పరీక్ష, కౌన్సెలరుతో మొదటి మాటలు, ఇవి హడావుడిగా తేల్చే పనులు కావు. వైరస్ అణిగి, మనిషి కుదుటపడ్డాక మందు తీసుకునే చోటును ఆ మనిషి చెప్పిన కిటికీకి మార్చాలి. మూడు నెలల మందు ఒకేసారి ఇస్తే ఏడాదికి నాలుగు రాకలు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడు పరీక్షకు మనిషి ప్రయాణం చేయనక్కర్లేదు, రక్తం ప్రయాణం చేస్తే చాలు. టీబీ అనుమానం ఉన్నవాళ్ల కఫం డబ్బాలు ఊళ్ల నుంచి పరీక్షకు పోతున్నాయి కదా, ఈ రక్తపు గొట్టాలు ఎందుకు పోకూడదు?

"ప్రాథమిక కేంద్రాలకు ఇంత పని చేతకాదు" అనేవాళ్లున్నారు. నాకు తెలిసిన డాక్టర్లలోనే ఉన్నారు. వాళ్లకు జవాబు గర్భిణుల రిజిస్టరులో ఉంది. ఊళ్లో గర్భిణి పేరు నమోదయ్యాక రక్తహీనతకూ, సిఫిలిస్‌కూ చేసే పరీక్షలతో పాటే హెచ్‌ఐవీ పరీక్షా చేస్తారు. వేలి కొస నుంచి ఒక చుక్క రక్తం చాలు. అనుమానం వస్తే ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, వేర్వేరు కిట్లతో పరీక్షించి ఖాయం చేసుకుంటారు. 2014 జనవరి నుంచి పాజిటివ్ గర్భిణులందరికీ జీవితాంతం మందు ఇస్తున్నారు. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందు సరిగా పడితే 5 శాతం లోపు. పుట్టిన బిడ్డకు నెవిరపిన్ సిరప్, ఆరు వారాలకు మడమ దగ్గర గుచ్చి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలతో పరీక్ష. ఈ గొలుసులో తొలి కొసను పట్టుకుని నడిపేది ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు. మామూలు ఆసుపత్రి, మామూలు సిబ్బంది, మామూలు పరీక్షల మధ్య ఒక పరీక్ష. ఆ గర్భిణి ఎందుకొచ్చిందని ఎవరూ చూడరు, గర్భిణి కాబట్టి వచ్చింది. నేను అడిగే పద్ధతి మనకు ముందే చేతనవునని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కానీ ఈ విజయానికి ఒక ధర ఉంది, దాన్ని ఆడవాళ్లే కడుతున్నారు. పరీక్ష ముందు చేసేది కోడలికి కాబట్టి జబ్బు ముందు బయటపడేది కోడలిలోనే. "మా వాడికి ఏమీ లేదు, ఇదే పుట్టింటి నుంచి తెచ్చింది" అనే మాటకు అక్కడే దారి పడుతుంది. మా వాడికి ఏమీ లేదని ఎలా తెలుసు? పరీక్ష చేయలేదు కాబట్టి తెలుసు! చాలా ఇళ్లలో భర్తకు పరీక్ష జరిగేది భార్యది తేలిన తర్వాతే, అదీ బతిమాలితే. గర్భిణి పేరు రాసుకున్న రోజే భర్తను కూడా పిలిచి, ఒప్పించి, ఇద్దరికీ ఒకేసారి చేస్తే ఎవరు ముందు అన్న పంచాయితీకి ఆస్కారం తగ్గుతుంది. ఒప్పించి అంటున్నాను, బలవంతం చేయమని కాదు.

మగవాళ్లు రారు అంటారు. ఆసుపత్రి తెరిచి ఉండే వేళల్లో మా మగవాళ్లు చెరువు గట్టు మీదో, లారీ మీదో, చెట్టు మీదో ఉంటారు. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గర, జాతీయ రహదారి పక్క లారీలు ఆగే చోట, సాయంత్రం పూట ఒక బల్ల వేసి బీపీ, షుగరు, దాంతో పాటు హెచ్‌ఐవీ కూడా చూస్తామంటే ఎందుకు రారు? ఎయిడ్స్ శిబిరం అని బ్యానరు కడితే మాత్రం నేనైనా రాను.

గల్ఫ్ వెళ్లేవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కువైట్‌కో, మస్కట్‌కో ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లు మా రెండు గోదావరి ఒడ్డుల్లోనూ ఎక్కువే. వీసాకు ముందు మెడికల్ ఉంటుంది. హెచ్‌ఐవీ ఉంటే ఆ దేశాలు రానివ్వవు. చేతికి వచ్చేది "అన్‌ఫిట్" అన్న ఒక్క మాట. ఎందుకు అన్‌ఫిట్టో విడమరచి చెప్పేవాళ్లు లేక, ఏజెంటు "ఊపిరితిత్తుల్లో మచ్చ" అని సర్దేస్తే, ఆ మనిషి అప్పుతో పాటు జబ్బును కూడా మోసుకుంటూ ఇంటికి వస్తుంది. అలా వచ్చినవాళ్లు నా దగ్గర దగ్గు మందు అడిగిన సందర్భాలున్నాయి. దగ్గు మందు ఇవ్వకుండా ఐసీటీసీకి వెళ్లమని చెప్పాలంటే ఎంత చుట్టు తిరిగి చెప్పాలో!

ఈ జబ్బు నా కౌంటరుకు వచ్చే ఇంకో వేషం చీటీ. ఏ నర్సింగు హోమ్ నుంచో రోగి తాలూకు మనిషి చీటీ పట్టుకుని పరుగున వస్తాడు. ఆపరేషనుకు ముందు చేసిన రక్తపరీక్షలో ఏదో తేలి ఉంటుంది. చీటీలో సెలైన్లు, సూదులు, కుట్లు వేసే దారం, ఆ కింద "హెచ్‌ఐవీ కిట్". గౌను, టోపీ, కళ్లద్దాలు, బూటు తొడుగులు కలిపి ఒక ప్యాకెట్టుగా వస్తాయి, వాడుకలో దానికి అదే పేరు. అతనికి ఆ సంగతి తెలియదు. నలుగురి వెనక నిలబడి "అమ్మా, అర్జంటు, హెచ్‌ఐవీ కిట్టంట" అని కేకేస్తాడు. నలుగురూ వెనక్కి తిరుగుతారు. పరీక్ష ఫలితం గోప్యం అని చట్టం చెబుతుంది, దాన్ని నా షాపు ముందు రోగి బావమరిదే చాటింపు వేస్తాడు, తనకు తెలియకుండానే.

డాక్టరుకూ నర్సుకూ రక్షణ ఉండాలి, అందులో వాదన లేదు. కానీ ప్రతి రోగి రక్తాన్నీ ప్రమాదకరమనే అనుకుని జాగ్రత్తపడాలన్నది వైద్యంలో ఏనాటి నుంచో ఉన్న నియమం. కొత్తగా సోకినవాడి పరీక్ష కొన్ని వారాల పాటు నెగెటివ్ రావచ్చు. అతనికి కిట్టు లేకుండా కోసేస్తారా? హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది పొరపాటున గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి అయితే అంతకు ఎన్నో రెట్లు. గుచ్చుకున్నాక కూడా దారి ఉంది. 72 గంటల లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మొదటి డోసు ప్రతి కాన్పుల గదికీ అందుబాటులో ఉంటే నర్సుల భయం సగం పోతుంది. నర్సు భయం పోతే రోగిని చూసే చూపు మారుతుంది. అవగాహన సదస్సులు పెట్టి పూలదండలు వేసుకోవడం కంటే ఇది చవక.

భయం మాట వచ్చింది కాబట్టి, మా వయసు వాళ్లందరికీ ఆ హోర్డింగులు గుర్తుండే ఉంటాయి, "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని. ఊరంతా ఆ ప్రశ్నే. ప్రచారంగా చూస్తే గొప్పగా పనిచేసింది. జబ్బు పేరు పసిపిల్లలకు కూడా తెలిసింది. జబ్బుకు మందు వచ్చిందన్న కబురు మాత్రం అంత పెద్ద హోర్డింగు మీదకు ఎప్పుడూ ఎక్కలేదు. వైరస్ పరీక్షకు అందనంతగా అణిగిపోయిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదన్న సంగతి మా వీధిలో ఎంతమందికి తెలుసు? హెచ్‌పీటీఎన్ 052 అనే అంతర్జాతీయ అధ్యయనం 2011లోనే చెప్పింది, ముందుగా మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని. అంటే చికిత్సే నివారణ. రెండు పద్దుల్లో రాసుకునే ఖర్చు నిజానికి ఒకటే ఖర్చు.

గోదావరి జిల్లాలు అనగానే కొందరి మొహాన ఒక వెకిలి నవ్వు వస్తుంది. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అందులో మా డెల్టా వాటా ఎప్పుడూ తక్కువ కాదు. రహదారి, లారీలు, పంట చేతికొచ్చినప్పుడు ఒక్కసారిగా తిరిగే డబ్బు, వలసలు, పేదరికంలో ఉన్న ఆడవాళ్లు, ఇవన్నీ ఉన్నచోట ఇంకెలా ఉంటుంది?

దూరం వల్ల వచ్చే చిక్కు మాకు 2022 జులైలో బాగా తెలిసింది. ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో ఇళ్లు మునిగాయి, పడవ తప్ప దారి లేదు. పునరావాస కేంద్రంలో పాలు ఇచ్చారు, బియ్యం ఇచ్చారు, బీపీ బిళ్లలూ ఇచ్చారు. ఏఆర్‌టీ బిళ్ల నాలుగు రోజులుగా లేదని ఎవరు ఎవరికి చెబుతారు? నోరు తెరిస్తే పక్క చాప మీద పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. సరిగ్గా అదే నెలలో ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం దగ్గర మందుల కొరత మీద బాధితులు ధర్నాకు కూర్చున్నారు. అది నెలకు పైగా సాగింది. అక్కడ సరఫరా లేక, ఇక్కడ దారి లేక. మందు మధ్యమధ్యలో ఆగితే వైరస్ మళ్లీ తలెత్తుతుంది, మందుకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదమూ ఉంది. వరద మాకు కొత్త కాదు, ఏ నెలల్లో వస్తుందో కూడా తెలుసు. జూన్ చివరికల్లా లంక గ్రామాల వాళ్లకు మూడు నెలల మందు చేతిలో పెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక ఆదేశం చాలు.

నా వాదనకు అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని దాటవేయను. ఊరి ఆసుపత్రిలో పనిచేసేది ఊరివాళ్లే. ఆశా కార్యకర్త పక్కింటి పిన్ని. ఫార్మసిస్టు భార్యది, రోగి చెల్లెలిది ఒకటే డ్వాక్రా సంఘం. కిటికీ ఒకటే అయినా కంప్యూటర్ తెర మీద పేరు కనిపిస్తుంది కదా? నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. మందు తీసుకునే చోటును రోగే ఎంచుకోవాలి, అడిగినప్పుడల్లా కారణం చెప్పకుండా మార్చుకోగలగాలి. అంతర్వేది మనిషి రేవు దాటి నరసాపురంలో తీసుకుంటానంటే సరే అనాలి. తెర మీద పేరు బదులు నంబరు ఉండాలి. నోరు జారినవాళ్ల మీద చర్య ఉండాలి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేనిదే పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, జబ్బు ఉందని వైద్యం నిరాకరించకూడదు, ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ ఉండాలి. ఆ అంబుడ్స్‌మన్‌ను ఎలా చేరుకోవాలో రాసిన కాగితం నేను ఇప్పటిదాకా ఏ ఆసుపత్రి గోడ మీదా చూడలేదు. 1097 అనే ఉచిత సహాయ నంబరు మాత్రం అక్కడక్కడ కనిపిస్తుంది, అదీ సగం చిరిగి.

రెండో అభ్యంతరం సిబ్బంది. కౌన్సెలర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. ఎవరు మందు మానేశారో, ఎవరి ఇంట్లో గొడవ జరిగిందో, ఎవరికి ఫోను చేస్తే భర్త ఎత్తుతాడో వాళ్లకు తెలుసు. సేవలు విస్తరిస్తున్నామని చెప్పి వీళ్లను తగ్గించి, పనిని స్టాఫ్ నర్సు నెత్తిన పడేస్తే దాన్ని విస్తరణ అనరు. కిటికీలో ఫార్మసిస్టు బిళ్లలు ఇవ్వగలడు. ఆర్నెల్లు కనపడని మనిషికి కబురు పెట్టి, తిట్టకుండా మళ్లీ రప్పించడం అతని వల్ల కాదు, నా వల్ల కూడా కాదు.

మా ఊరి ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశానికి ఈసారి నన్ను కూడా పిలిచారు, ఫ్యాన్లకు చందా అడగడానికి అనుకుంటాను. చందా ఇస్తాను. దానికి ముందు అడగాల్సినవి కాగితం మీద రాసుకున్నాను. రాత్రి పది గంటలకు డ్యూటీ నర్సుకు సూది గుచ్చుకుంటే మొదటి డోసు బీరువాలో ఉందా, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది? గర్భిణుల రిజిస్టరులో భర్త పరీక్ష గడి ఎన్ని వరసల్లో ఖాళీగా ఉంది? లింక్ కేంద్రం గది బోర్డు తీసేసి, మందులను మామూలు కిటికీకి మార్చడానికి ఎవరి అనుమతి కావాలి? మూడోదానికి "అది పైనుంచి రావాలండీ" అన్న జవాబు వస్తుందని తెలుసు. పై అంటే ఏ కార్యాలయమో, ఎవరి సంతకమో రాసి ఇమ్మని అడుగుతాను.